నోటీసు బోర్డు మీద మాట

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ నాన్నకి దగ్గు తగ్గింది, చిరాకు తగ్గలేదు. నువ్వు క్షేమమేనా అని అడగడానికి ఈసారి మొహం చెల్లడం లేదు. ఎందుకో చివర్న రాస్తాను.

ముందు నువ్వడిగినదానికి జవాబు. హాస్టలు నోటీసు బోర్డు మీద మీ గది నంబరు పక్కన ‘గోయింగ్స్ ఆన్’ అని వార్డెన్ గారు రాశారనీ, దానర్థం చెప్పమనీ, నిఘంటువు ఆఫీసులో పనిచేసే అమ్మని పెట్టుకుని ఇంకొకరిని అడగడమెందుకనీ రాశావు. అది ఇంగ్లీషువాళ్ళు కబుర్లలో వాడే మాట. జరుగుతున్న సంగతులని అర్థం. కానీ వాన పడటానికో, వంట కావడానికో వాడరు. మూసిన తలుపు బయట నిలబడ్డవాళ్ళ మాట అది. మనవాళ్ళు ‘ఏమిటీ భాగోతాలు’ అంటారే, అలాంటిది. ఏం జరిగిందో చెప్పదు. జరగకూడనిదేదో జరిగిందని మాత్రం చెబుతుంది.

వెంట్రుకలు వరండాలోకి ఎగురుతాయని మీ గదిలో పిల్లలంతా తలుపేసుకుని, ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకుంటున్నారని నీ ఉత్తరంలో చదివి మీ నాన్న, “దాని చేతిలో కత్తెరుంటే భయపడాల్సింది వార్డెన్ కాదే, తల అప్పగించిన పిల్లలు” అన్నారు. చాలా రోజులకి ఇద్దరం నవ్వాం.

ఆ నవ్వుతోనే వార్డెన్ గారికి ఫోన్ చేశాను. జుట్టు సంగతి చెప్పి, పిల్లలు కదండీ, మన్నించండి అని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. “నిజంగా ఏం జరిగిందో తెలిస్తే ఆ మాట వాడరు మేడమ్. అనుమానం తప్ప ఆధారం లేనప్పుడు వాడతారు” అన్నాను.

“అయితే నాకు ఇంగ్లీషు రాదంటారు. సరేనమ్మా. అంత తెలిసిన తల్లి కదా, పిల్లని మీ దగ్గరే ఉంచుకోండి. ఆదివారానికి గది ఖాళీ చేయించండి” అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఈ ఉత్తరం అందేసరికి నీకు చెప్పే ఉంటారు. నా వల్లేనని చెప్పరేమో. నీకు ఫోన్ చేయబోయి పెట్టేసి, ఇది రాస్తున్నాను. పరీక్షల ముందు ఆ ఊళ్ళో ఇంకో గది దొరకదని తెలుసు. ఆవిడకి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాను, తీయడం లేదు. మీ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. నేనన్నదాంట్లో తప్పేముందని ఒకసారి, అనకపోతే ఏం పోయేదని ఒకసారి అనిపిస్తోంది.

సామాను సర్దేటప్పుడు కత్తెరని తువ్వాలులో చుట్టి పెట్టు, చెయ్యి తెగుతుంది. ఇంతకు మించి ఏం చెప్పాలో తోచడం లేదు.

ఇట్లు,
ఊరుకోలేకపోయిన
అమ్మ