హీనా పంపిన ఢోక్లా

మంగళవారం, రాత్రి

దేవుడి దయవల్ల గండం గడిచింది. సాయంత్రం గుడి నుంచి వచ్చేసరికి పక్కింటి గుజరాతీ అమ్మాయి హీనా పంపిన పళ్ళెం ఆయన దాదాపు ఖాళీ చేసేశారు. ఒక్క ముక్క మిగిలింది, పచ్చగా, కేకులా మెత్తగా. నోట్లో వేసుకుంటే తియ్యగా తగిలింది. పోయిన నెలే షుగరు పెరిగి ఆసుపత్రిలో పడుకున్న మనిషి.

"కేకు తిన్నారా?" అంటే, "ఇడ్లీకి చుట్టమేలే, కంగారుపడకు" అన్నారు.

హీనాని పిలిచాను. "కేకు కాదు పిన్నిగారూ, ఢోక్లా. మైదా వెయ్యలేదు. శనగపిండి పులియబెట్టి, ఇడ్లీలాగే ఆవిరి మీద ఉడికించాను. తాలింపు నీళ్ళలో చెంచాడు పంచదార, అంతే" అంది. ఆ చెంచాడే నన్ను తినేసింది.

రెండు గంటలాగి షుగరు మిషను మీద చూశాం. రోజూ పొద్దున ఇడ్లీ తిన్నాక వచ్చేదానికన్నా తక్కువే ఉంది. హీనా నవ్వి, "శనగపిండి కదా, పప్పు బలం, షుగరు మెల్లగా ఎక్కుతుంది. మరి మీరు ఇడ్లీలోకి ఏం పెడతారు?" అంది.

"అల్లప్పచ్చడి" అన్నాను.

"అందులో బెల్లం?"

"చిన్న ఉండ" అన్నాను. ఆయన మాత్రం, "చిన్న ఉండ కాదమ్మా, పెద్ద ఉండే" అన్నారు.

ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నారు. నాకూ గుండె బరువు దిగింది. రేపు బెల్లం లేకుండా పచ్చడి నూరాలి. అల్లం ఘాటుకి ఆయన కడుపు మండితేనో...