దండ వేసిన నా పటం

రహమత్ నగర్,
హైదరాబాదు.

అమ్మకు, నీ సత్యం నమస్కారాలతో రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఈ మాట చెల్లాయి చేత రెండుసార్లు చదివించుకో: నేను నిక్షేపంగా ఉన్నాను. మూడు పూటలా తింటున్నాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావగారికి దగ్గు తగ్గిందా? బుజ్జిదానికి మాటలొస్తున్నాయా?

టీవీలో నా పటానికి దండ చూసి నువ్వు గుండెలు బాదుకున్నావనీ, పక్కింటివాళ్ళు పరామర్శకు కూడా వచ్చారనీ, ఇక ఆ సీరియల్ చూడనని ఒట్టు పెట్టుకున్నావనీ చెల్లాయి రాసింది. తప్పు నాదేనమ్మా, ముందే చెప్పాల్సింది. అందులో నేను పోయిన తండ్రిని. అగరుబత్తుల కంపెనీ పెట్టి, కోట్లు గడించి, కథ మొదలవకముందే కన్నుమూశాను. నా కుర్చీ కోసం నలుగురు పిల్లలు కొట్టుకుంటారు. పెద్దకొడుకు వేషం వేసినాయన నాకంటే ఆరేళ్ళు పెద్ద! నా మీద ఎవరికి ప్రేమ ఎక్కువో చూపించడానికి పోటీపడి మా కంపెనీ అగరుబత్తులే కట్టలు కట్టలు వెలిగిస్తారు. పటం కాబట్టి సరిపోయింది, నేనైతే ఆ పొగకు దగ్గి చచ్చేవాణ్ణి. అయ్యో, మళ్ళీ ఆ మాటే రాశాను, చెల్లాయిని కొట్టెయ్యమను.

మా ఇంటి ఓనరమ్మ కూడా నీలాగే హడలిపోయింది. "ఏందన్నా ఇది, బతికున్నోనికి దండేసిండ్రు! మీ అమ్మ ఎంత ఫికర్ పడ్తదో ఏమో, జర ఉత్తరం రాయి" అంటూ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. కాబట్టి బెంగ పెట్టుకోకు.

షూటింగు జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళాలో. పటానికి పనేముంది, అయినా రోజూ పొద్దున్నే నడిచి కొండెక్కుతాను. రాళ్ళ మీద ఇంకా మంచు ఉంటుంది. వాళ్ళు లైట్లు సర్దుకునేలోపు ఖాళీ హాల్లో ఓ మూల కూర్చుంటే, ఎండలో, అగరుబత్తుల పొగలో ఆ ఇల్లంతా మెల్లగా తేలుతున్నట్టుంటుంది. ఆ మెట్లు నేనే కట్టించినట్టు, ఆ పోట్లాడుకునేవాళ్ళు నిజంగా నా కడుపున పుట్టినవాళ్ళే అన్నట్టు. వాళ్ళను చూస్తే జాలేస్తుందమ్మా. ఓసారి చిన్నకోడలు వేషం వేసే అమ్మాయి గ్లిజరిన్ లేకుండానే నా పటం ముందు ఏడ్చింది. ఎందుకో అడగలేకపోయాను.

పోయినవారం కథలో వీలునామా వచ్చింది. తండ్రి తన మాటలు టేపులో చెప్పి పోయాడట. డైరెక్టరుగారు ఆ గొంతుకు వేరే మనిషిని పిలవబోయారు. నేనొచ్చి ఏడాదిన్నరైంది. పెళ్ళి సీన్లలో విస్తరి ముందు కూర్చున్నాను, కార్ల తలుపులు తీశాను, ఒక్క మాటా దక్కలేదు. ఇక ఊరుకోలేకపోయాను. "అయ్యా, ఆ పోయినాయన నేనేనండీ. నా మాటలు నన్నే చెప్పుకోనివ్వండి" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. "ఒక్క టేకు. కుదరకపోతే ఆ మనిషికి కబురు పెడతాను" అన్నారు.

మైకు ముందు నిలబడ్డాను. కాగితంలో మొదటి మాట "నా ఆస్తికి వారసులారా" అని ఉంది. అక్షరాలన్నీ అలికేసినట్టయి, నువ్వే కనిపించావు. "అన్నాలు తిన్నారా?" అనేశాను. అంతా పోయిందనుకున్నాను. ఆయన మాత్రం, "అది అలాగే ఉంచండి. మిగతాది చెప్పు" అన్నారు.

బావగారికి, పిన్నికి నమస్కారాలు, బుజ్జిదానికి ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపించు.

గురువారం సాయంత్రం ఆ టేపు సీను టీవీలో వస్తుంది. నీ ఒట్టు నేను కాదనను. పటం వైపు చూడొద్దు, గోడవైపు తిరిగి కూర్చుని విను, చాలు. ఆస్తి కోసం కాచుక్కూర్చున్న ఆ నలుగురిలో ఒక్కరూ జవాబు చెప్పరు, కథ అలా రాశారు. ఎవరో ఒకరు చెప్పాలి కదా. నువ్వు చెప్పమ్మా, తిన్నాను నాయనా అని.

నీ చల్లని చెయ్యి తలమీద ఉండాలని కోరుకునే
నీ కొడుకు
సత్యం