రైఫిల్‌కి బంతిపూల దండ

సెక్టర్ 4, భిలాయి

రైఫిల్ క్లబ్బు సెక్రటరీ శ్యామసుందర్ గారికి,

సంజాయిషీ అడిగారు, రాస్తున్నాను. విశ్వకర్మ పూజకి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాను. తూటాల మేగజైన్ తీసేశాను కాబట్టి ఖాళీ అనుకున్నాను. బోల్టు లాగి చూడలేదు. గొట్టం లోపల ఒక తూటా ఉండిపోయింది. హారతి అయ్యాక దండ తీయబోతే దారం ట్రిగ్గర్‌కి తగులుకుని పేలింది.

ఊడుస్తున్న జోగమ్మ, "ఏటి బాబూ, టపాసులు కూడా తెచ్చీసినారా?" అంది.

తూటా మీ కుర్చీ వీపులోంచి దూసుకుపోయింది. మీరు అప్పుడే రెండోసారి ప్రసాదానికి లేచారు. మీ తిండి గురించి నేను ఇన్నాళ్లూ అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఇకపై గొట్టం గోడవైపు తిప్పి, బోల్టు లాగి, లోపల చూశాకే బొట్టు. దండ మాత్రం విశ్వకర్మ ఫొటోకే వేద్దాం.

ఆ ఫొటో మీది కానందుకు సంతోషిస్తూ,
మీ ఆయుధాల గుమాస్తా