ఎడమచేతిలో ఇమిడే రిమోట్

తమ్ముడికి,

నువ్వు షాపులన్నీ గాలించి పంపిన రిమోట్ అందింది. చూడగానే పిల్లల బొమ్మ అనుకున్నాను. అగ్గిపెట్టెకి అన్నగారిలా ఉంది. ఏ టీవీకైనా పనిచేస్తుందని డబ్బా మీద రాసి ఉన్నా నాకు నమ్మకం కుదరలేదు.

పక్షవాతం వచ్చాక మీ బావకి కుడిచెయ్యి స్వాధీనంలో లేదు కదా. పాత రిమోట్ మూరెడు పొడవు, ఎడమచేత్తో పట్టుకుంటే జారిపోయేది. అందుకని నేనేది పెడితే అదే చూసేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ టీవీ కోసం నాతో తగువాడిన మనిషి అలా నోరెత్తకుండా కూర్చుంటే నాకు దిగులు పట్టుకుంది.

నిన్న ఆ చిన్నదాన్ని ఆయన ఎడమ అరచేతిలో పెట్టి, నా సీరియల్ ముందు కూర్చున్నాను. సరిగ్గా అందులో అత్తగారు నిజం బయటపెట్టబోయే సమయానికి ఫుట్‌బాల్ వచ్చింది. టీవీ పాడైందనుకుని లేచి దాని వీపు మీద ఒకటి చరిచాను. సీరియల్ తిరిగొచ్చింది. కూర్చోగానే మళ్ళీ ఫుట్‌బాల్. వెనక్కి తిరిగితే ఆయన పైకప్పు కేసి చూస్తూ నవ్వు ఆపుకుంటున్నారు.

"ఏమిటండీ ఈ వేషాలు?" అన్నాను.

"సాయంత్రమంతా... నీదేనా?" అన్నారు, మాటలు కూడబలుక్కుంటూ.

ఆ మాట విని ఎన్నాళ్ళయిందిరా. చాలాసేపు పోట్లాడుకున్నాం. నాకు కడుపు నిండిపోయింది.

ఇంకొక్క సాయం చెయ్యాలి. అచ్చం అలాంటిదే మరొకటి కొని పంపు. అది నాకు. మీ బావకి మాత్రం చెప్పకు.

అక్క