పోర్టబుల్ పొగపొయ్యి

మెస్కీట్ ఫోర్డ్, టెక్సస్
1983 మార్చి 2

గౌరవనీయులైన సిగ్రిడ్ అమ్మగారికి,

మీ ఇంట్లో అద్దెకుంటున్న వెల్డింగ్ పనివాడు రాయిస్ టిడ్వెల్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు అక్కడ దులూత్‌లో మంచులో కూరుకుపోకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఒక చిన్న మనవి. మా అమ్మాయి డార్లాకు మే నెలలో పెళ్ళి, పక్క ఊళ్ళో, మగపెళ్ళివారి చర్చి హాల్లో. తల్లి లేని పిల్ల. ఆరేళ్ళప్పుడే “నాన్నా, నా పెళ్ళికి మాంసం నువ్వే కాల్చాలి” అంది. నేను సరేనన్నాను. ఇప్పుడు కాబోయే వియ్యంకుడు హోల్కమ్, హోటల్ నుంచి కోడిమాంసం, దాని మీదికి తెల్ల సాసు తెప్పిస్తానంటున్నాడు. అమ్మగారూ, నా బిడ్డ పెళ్ళిలో తెల్ల సాసు వడ్డిస్తే నేనిక ఊళ్ళో తలెత్తుకోలేను.

అందుకని మీ కార్ల షెడ్డులో ఒక పోర్టబుల్ పొగపొయ్యి సొంతంగా చేసుకుందామని. ఓక్ కట్టెల పొగకు మాంసం నిదానంగా మగ్గే పొయ్యి అది. అనుమతి ఇప్పించగలరు.

మీ విధేయుడు
రాయిస్

తా.క. షెడ్డులో ఓ మూల ఇస్తే చాలు. మొత్తం ఇస్తే కాదనను.

—

దులూత్, మిన్నెసోటా
మార్చి 11

రాయిస్ గారికి,

మీ అమ్మాయికి నా ఆశీస్సులు. నా దగ్గరా ఒక పోర్టబుల్ టైపు మిషనుంది. పిడి పట్టుకుని ఒంటిచేత్తో మోస్తాను. మీ పొయ్యీ అంతేనని అనుకుంటున్నాను కనుక అభ్యంతరం లేదు. చేసుకోండి. కిటికీ గట్టు మీద మాత్రం పెట్టకండి, రంగు పోతుంది.

ఇట్లు
సిగ్రిడ్ హాల్వర్సన్

తా.క. మూత గట్టిగా బిగించండి. లేకపోతే పిల్లి మూతి పెడుతుంది.

—

మెస్కీట్ ఫోర్డ్
ఏప్రిల్ 4

దయగల సిగ్రిడ్ అమ్మగారికి,

మీ మేలు మరువను. పని జోరుగా సాగుతోంది. పాత ఇనుప సామాను కొట్టు ఓడెల్ నా స్నేహితుడు. వాడి దగ్గర ఒక పెద్ద గ్యాసు ట్యాంకు దొరికింది. దాన్ని మంటతో కోసి మూత పెట్టాను. పక్కన నిప్పుల పెట్టె, పైన పొగగొట్టం అతికించాను. పత్తి బండి ఇరుసొకటి తెచ్చి కింద చక్రాలు బిగించాను.

మూత గురించి దిగులు పడకండి. ఎత్తాలంటే ఇద్దరు మగాళ్ళు కావాలి. పిల్లి కాదు కదా, నిన్న మా పాస్టరు గారే లోపలికి దూరి పడుకుని చూసి, విశాలంగా ఉందన్నారు.

మీ విధేయుడు
రాయిస్

తా.క. కిటికీ గట్టు మీద పెట్టలేదు.

—

దులూత్
ఏప్రిల్ 12

రాయిస్ గారికి,

మీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టాను. గ్యాసు ట్యాంకును మంటతో కోశానన్న చోట కూర్చున్నాను. పాస్టరు గారి దగ్గరికొచ్చేసరికి పక్కింటావిడను పిలిచాను. ఆవిడ కూడా చదివి, నేను సరిగ్గానే చదివానంది.

ఇల్లు ఉందా, పేలిందా? ఒక్క మాట రాయండి. టైపు మిషనుకు చక్రాలుండవు. దాన్ని ఎవరూ పత్తి బండి మీద ఎక్కించరు. మీ ప్రాంతంలో పోర్టబుల్ అంటే అర్థం ఏమిటి?

ఇట్లు
సిగ్రిడ్ హాల్వర్సన్

తా.క. పాస్టరు గారు బయటికి వచ్చారా?

—

మెస్కీట్ ఫోర్డ్
ఏప్రిల్ 21

సిగ్రిడ్ అమ్మగారికి,

ఇల్లు పేలలేదు. ట్యాంకు నిండా నీళ్ళు పోసి, గ్యాసు చుక్క లేకుండా కడిగాకే కోశాను. మా దగ్గర పోర్టబుల్ అంటే ట్రక్కుకు కట్టి లాగితే కదిలేది.

పాస్టరు గారు బయటికి వచ్చారు. పొయ్యే రావడం లేదు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. షెడ్డు తలుపు పాతకాలం కార్ల కోసం పెట్టింది. తలుపును కొలిచాను. పొయ్యినీ కొలిచాను. ఆ రెండు కొలతల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. తలుపు ఊడదీశాను, చాలలేదు. చట్రం పీకాను, అయినా చాలలేదు. పొయ్యిని కోసి మళ్ళీ అతికే వ్యవధి లేదు. ఇక మిగిలింది వెనక గోడ. కప్పు బరువు దాని మీద లేదు. పెళ్ళి కాగానే మళ్ళీ కట్టిస్తాను. హోల్కమ్ రోజూ ఫోను చేసి “బావగారూ, కోళ్ళకు చెప్పెయ్యనా?” అని అడుగుతున్నాడు.

మీ జవాబు కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తాను. రాకపోతే మీకిష్టమేనని అనుకుంటాను.

మీ విధేయుడు
రాయిస్

తా.క. పిల్లి నిప్పుల పెట్టెలోంచి దూరి పొయ్యి లోపల ఈనింది. నాలుగు పిల్లలు. కనుక వెచ్చగానే ఉంటుందన్నమాట.

—

దులూత్
ఏప్రిల్ 30

రాయిస్ టిడ్వెల్‌కి,

నాకు నోట మాట రావడం లేదు కనుక రాస్తున్నాను. ఆ గోడ మా అన్న ఆర్విడ్ కట్టాడు. ఊపిరితిత్తులు బాగాలేక ఎండ కోసం మీ ఊరొచ్చి, రోజూ పని నుంచి తిరిగొచ్చాక ఒక్కొక్క ఇటుకా సొంత చేత్తో పేర్చాడు. ఆ గోడ గురించి నాకు ఎన్ని ఉత్తరాలు రాశాడో. ఆ ఇంటిని నేను చూడను కూడా లేదు. వాడి గుర్తుగా నాకు మిగిలింది ఆ గోడే.

అందులో ఒక్క ఇటుక కదిలినా నువ్వు ఇల్లు ఖాళీ చెయ్యాలి. నోటీసు రాయించి ఉంచాను.

సిగ్రిడ్ హాల్వర్సన్

తా.క. ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. చేతిలో సమ్మెట ఉంటే కింద పెట్టి చదువు.

—

మెస్కీట్ ఫోర్డ్
మే 16

సిగ్రిడ్ అమ్మగారికి,

మీ ఉత్తరం చేతికొచ్చేసరికి గోడ నేల మీదుంది. మీ అన్నగారి కథ ముందే తెలిసి ఉంటే హోల్కమ్ కోళ్ళనే తిని నోరు మూసుకునేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. అది మామూలు గోడ కాదు. నేనూ ఓడెలూ పొద్దంతా సమ్మెటలతో బాదితే గానీ లొంగలేదు.

పిల్లి కూనల్ని ఇంట్లోకి మార్చాక పొయ్యి బయటికొచ్చింది. ట్రక్కుకు కట్టి మీ ఇంటి ముందు రోడ్డెక్కించామో లేదో, ఇరుసు విరిగింది. అక్కడే కూలబడింది. లోపల మాంసం సగం మగ్గింది, అవతల ఊళ్ళో పెళ్ళి మొదలవుతోంది. నేను రోడ్డు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఎవరో డార్లాకు చెప్పారు. ప్రమాణాలు అవ్వగానే అది పెళ్ళి గౌనులోనే హాలు హాలంతటినీ కార్లెక్కించి ఇక్కడికి తీసుకొచ్చింది. మీ గోడ లేని షెడ్డులో బల్లలు వేసి వడ్డించాం. హోల్కమ్ కూడా చొక్కా చేతులు మడిచి తిన్నాడు.

ఇటుకలన్నీ శుభ్రం చేసి పేర్చాను. గోడ కట్టి, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తాను.

రాయిస్

తా.క. అన్నట్టు, హోల్కమ్ మేనత్తట, ఒక పెద్దావిడ వచ్చింది. మూడు పళ్ళేలు లాగించింది. ఇల్లెవరిదని అడిగింది. ఏదో బాధలో ఉండి మీ గురించి కాస్త ఎక్కువే అన్నాను. క్షమించండి.

—

దులూత్
మే 25

రాయిస్,

హోల్కమ్‌కు మేనత్త లేదు. ఆ వచ్చింది నేను.

ఎక్స్‌ప్రెస్ ఉత్తరానికి నీ జవాబు రాకపోయేసరికి, నోటీసు చేతిలో పెడదామని రైలెక్కి వచ్చాను. షెడ్డు దగ్గర మగపెళ్ళివారు నన్ను మీ తాలూకు అనుకున్నారు, మీరు వాళ్ళ తాలూకు అనుకున్నారు. నేను పేరు చెప్పేలోపు ఎవరో చేతిలో పళ్ళెం పెట్టారు. ఇంటావిడది రాతిగుండె అని నువ్వు నాతోనే అంటుంటే, నోటి నిండా నువ్వు కాల్చిన మాంసం ఉండి జవాబు చెప్పలేకపోయాను.

ఓడెల్ నాతో అంతా చెప్పాడు. పొద్దంతా బాదామని రాశావు, పొద్దంతా! నువ్వు సమ్మెట గోడకు ఆనించి చెమట తుడుచుకుంటుంటే గోడ దానంతటదే వెనక్కి పడుకుందట. రాయిస్, ఆర్విడ్ జన్మలో ఒక్క పనీ సరిగ్గా చెయ్యలేదు. వాడు చేసిన కుర్చీలో కూర్చునే మా నాన్న నడుం పోయింది. ఆ సంగతి మరిచిపోయి ఇన్నేళ్ళూ ఆ గోడ తలుచుకుని ఏడ్చాను. నా కోసం నువ్వు ఆడిన అబద్ధం చదివి మాత్రం నిజంగా ఏడ్చాను.

డార్లా నీ మసి చేతుల్ని తన తెల్ల గౌనుకు అద్దుకుని, “మాటిచ్చావ్, నిలబెట్టుకున్నావ్ నాన్నా” అన్నప్పుడు నేను మీ వెనకే ఉన్నాను. నోటీసు నా చేతిలోనే ఉంది. దగ్గర్లో చేతులు తుడుచుకునే గుడ్డ కనిపించలేదు. ఆ కాగితమంతా ఇప్పుడు కొవ్వు, మసి. ఇక ఏ కోర్టులోనూ చెల్లదు.

ఇల్లు ఖాళీ చెయ్యకు. గోడా కట్టకు.

ఆశీస్సులతో
సిగ్రిడ్

తా.క. డాన్సు చేసేటప్పుడు హోల్కమ్ కాలు తొక్కింది నేనే. తెల్ల సాసు గుర్తొచ్చి, కావాలనే తొక్కాను.