ఫైండ్‌కి దొరకని పెన్షన్ డైరెక్టరీ

8 మార్చి 1999, సోమవారం

పొద్దున్నే చీవాట్లు. రెండువేల సంవత్సరం వస్తే చెడిపోతాయని మేం తేదీలు సరిచేస్తున్న ప్రోగ్రాముల్లో పెన్షన్ డైరెక్టరీ, అంటే ఆ ఫైళ్ళున్న ఫోల్డరు, మొత్తం తప్పిపోయిందట. తాము పంపిన సీడీలో అది ఉందని క్లయింటు మెయిల్.

మా లీడ్ వెంకటరమణ గారు నేరుగా నరేందర్ మీద పడ్డారు. ఫైండ్ అనే కమాండ్‌తో సీడీల్లో వెతికి ఏ ఫైళ్ళున్నాయో చెప్పేది అతనే. కాంట్రాక్టు మనిషి, నెలాఖరుకి రెన్యూవల్. ఇలాంటివాణ్ణి ఎలా ఉంచుకుంటామండీ అని అందరి ముందూ అన్నారు. నరేందర్ తల దించుకుని, ఫైండ్ కమాండ్ ఏం చూపిస్తే గదే ఇచ్చిన సార్, నేనేం ఇడిచిపెట్టలే అన్నాడు.

అతను పోతే నాకేంటి? ప్రేమా దోమా కాదు. రాజోలు నుంచి వచ్చిన నాకు ఈ ఊళ్ళో ఉన్నదే ఒక్క స్నేహితుడు. హాస్టల్లో నన్ను రూమ్ నంబరుతో పిలుస్తారు. రోజూ నాలుగింటికి, దా సంయుక్తా, చాయ్ తాగొద్దాం అనేది అతనొక్కడే. అతను పోతే నేను వారాల తరబడి నోరు తెరవకుండా బతకాలి.

9 మార్చి

సీడీ పెట్టి చూశాను. లోపలేమున్నాయో చూపే ఎల్ఎస్ కమాండ్ కొడితే పెన్షన్ డైరెక్టరీ నిక్షేపంలా ఉంది. ఫైండ్ కొడితే దాని లోపలి ఫైళ్ళు ఒక్కటీ రావు. ఎర్రర్ కూడా ఇవ్వదు. దీని మొహం మండ.

11 మార్చి

ఫైళ్ళు చదివే పర్మిషన్లు చూశాను. పేర్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు చూశాను. ఏమీ లేదు.

చాయ్ దగ్గర నరేందర్, ఫికర్ చెయ్యకు, ఇంకో కంపెనీ లేదా ఏంది అన్నాడు. కానీ చాయ్ సగమే తాగాడు. ఖాజాగూడలో వాళ్ళమ్మ చంద్రమ్మ గారికి సంగతి ఇంకా చెప్పలేదట.

12 మార్చి, మధ్యాహ్నం

అతను ఏ కమాండ్లు కొట్టాడో చూద్దామని అందరూ భోజనానికి వెళ్ళాక అతని మెషీన్ దగ్గర కూర్చున్నాను. టిఫిన్ డబ్బా మర్చిపోయి వెనక్కి వచ్చాడు. నువ్వు గూడ నా తప్పే దేవులాడుతున్నవా అన్నాడు. నీ తప్పు కాదు, ఫైండ్ తప్పు వెతుకుతున్నానన్నాను. సార్ చూడమన్నడా అని అడిగాడు.

పొద్దున వెంకటరమణ గారు నిజంగానే అన్నారు. కాబట్టి అవునన్నాను. అబద్ధం నోటికి రాదు, అదొక దరిద్రం నాకు.

డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

13 మార్చి

చాయ్‌కి పిలవలేదు.

14 మార్చి, ఆదివారం

ఆఫీసులో ఏసీ లేదు, మనిషి లేడు. ఫైండ్ మాన్యువల్ మొదటి నుంచీ చదివాను.

దొరికింది! మా యునిక్స్ డిస్కుల్లో ప్రతి డైరెక్టరీ తన లోపల ఎన్ని డైరెక్టరీలున్నాయో ఒక అంకెతో చెబుతుంది. ఫైండ్ దాన్ని నమ్మి, లెక్క సరిపోగానే మిగతావన్నీ మామూలు ఫైళ్ళే అనుకుని తెరిచి చూడదు. టైమ్ కలిసొస్తుందని. సీడీల్లో ఆ అంకెను నమ్మకూడదు. నోలీఫ్ అనే ఆప్షన్ పెడితే అన్నీ తెరిచి చూస్తుంది. మిగతా సీడీలన్నీ సర్వర్‌లోకి కాపీ చేశాక వెతికాం. డిస్క్‌లో చోటు లేక ఈ ఒక్కదాన్నీ సీడీ మీదే వెతికాం. అదీ జరిగింది.

నోలీఫ్ పెట్టి కొట్టాను. పెన్షన్ లోపలి ఫైళ్ళన్నీ బిలబిలా వచ్చేశాయి. ఏడుపొచ్చింది. చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. ఖాజాగూడకి ఫోన్ చేద్దామంటే వాళ్ళింట్లో ఫోన్ లేదు.

15 మార్చి

అందరి ముందూ చేసి చూపించాను. వెంకటరమణ గారు మంచి మనిషే, తప్పు ఒప్పుకున్నారు. రెన్యూవల్ ఖాయం చేశారు. చేసి ఊరుకోవచ్చుగా. నరేందర్ భుజం తట్టి, సంయుక్త నీ మెషీన్ మొత్తం చెక్ చేసి నీ తప్పేం లేదని తేల్చింది, బతికిపోయావయ్యా అన్నారు. అందరూ నవ్వారు.

నరేందర్ థాంక్స్ చెప్పాడు. నా వైపు చూడలేదు.

22 మార్చి

ఇవాళ నాలుగింటికి నేనే వెళ్ళి పిలిచాను. జర పనుంది మేడమ్, మీరు తాగి రాండ్రి అన్నాడు.

అతని స్క్రీన్‌సేవర్‌లో చేపలు ఈదుతున్నాయి.