పేరు దించిన చెయ్యి

లేక్‌పోర్ట్,
మార్చి మొదటివారం

ప్రియమైన నాన్నకు,

ఫోన్లో నీకు సగం మాటలు వినపడవు, మిగతా సగం నీకు నచ్చినట్టు వింటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

చర్చిలో శుక్రవారం చేపల వేపుళ్ళు మొదలయ్యాయా? ఈసారైనా నూనె మూకుడు దగ్గర వేరేవాళ్ళని నిలబడనియ్. ఆ మోకాలితో సాయంత్రమంతా నిలబడటం, ఆదివారం దాకా మూలుగుతూ పడుకోవడం, అడిగితే ఏమీ లేదనడం. నీ సంగతి నాకు తెలియనిది కాదు.

ఇక నా గొడవ. కిందటేడు అంత ఘనంగా ఓడినందుకు, ఏప్రిల్లో ఫుట్‌బాల్ జట్లన్నీ వరసగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునేటప్పుడు మా జట్టుకి రెండో వంతు వచ్చింది, బాగా ఓడినవాళ్ళకే ముందు వంతు కదా. మావాళ్ళందరి కళ్ళూ డెవాన్ టిల్‌మన్ మీదే. నీలాగే క్వార్టర్‌బ్యాక్, వెనక నిలబడి బంతి విసిరేవాడు. ఇరవై ఏళ్ళు నిండి ఎన్నాళ్ళో కాలేదు. కొత్త ఆటగాళ్ళని వెతికిపెట్టే ఉద్యోగం నాది కదా, వాణ్ణి మొట్టమొదట చూసింది నేనే నాన్నా. మిసిసిపీలో ఒక చిన్న కాలేజీ మైదానంలో, వానలో తడుస్తూ చూశాను. బంతి వాడి చెయ్యి వదిలినట్టే తెలీదు, అవతలివాడి చేతిలో కనబడుతుంది. అమ్మ దాచిన పాత టేపుల్లో నీ విసురు గుర్తొచ్చింది. ఆ రోజు నుంచీ వాడి గురించి ఇక్కడ అందరి చెవుల్లోనూ ఊదింది నేనే.

మొన్న వాణ్ణి ఇక్కడికి పిలిపించారు. భోజనానికి నేనే తీసుకెళ్ళాను. వాళ్ళమ్మ వేయించి ఇచ్చిందని పీకాన్ పప్పుల పొట్లం నా చేతిలో పెట్టాడు. "నన్ను తీసుకోండి మేడమ్. రేపు ఆడమన్నా ఆడతాను" అన్నాడు. ఆ రేపు అన్న మాటే నన్ను పీడిస్తోంది. వాడి ముందు నిలబడి కాపు కాయాల్సిన మా అయిదుగురూ తలుపుల్లేని ఇంటితో సమానం. ఎవడు పడితే వాడు లోపలికొచ్చేస్తాడు. మా కోచ్ ఉద్యోగం ఊగిసలాడుతోంది, అందుకని ఈ కుర్రాణ్ణి మొదటి ఆటకే దింపేస్తాడు. యజమానికేమో టికెట్లు అమ్ముడుపోవాలి. ఇలాంటి జట్టు వాణ్ణి ఇంత ముందే తీసేసుకోవచ్చా? నువ్వు ఆ దారిన వెళ్ళొచ్చినవాడివి. దాచకుండా చెప్పు.

నీ ముద్దుల
కోరీ

*

మోనెసెన్,
మార్చి పదిహేను

నా బంగారు కోరీ,

చేపలు నేనే వేయించాను, ఇకముందూ నేనే వేయిస్తాను. నా ముక్కలు బాగున్నాయని మీ ఆగ్నెస్ అత్త నలుగురి ముందూ అంది. పుట్టి బుద్ధెరిగాక మా అక్క నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. దాని కోసం మోకాలు కాస్త నొప్పెడితే ఏం పోయింది?

కుర్రాడి విషయానికొస్తే, తీసుకోండి. ఇందులో అడగడానికి ఏముంది? వాడు బాగా ఆడతాడని నువ్వే అంటున్నావు. బాగా ఆడేవాణ్ణి వద్దనడం ఎంత పాపమో నీకు తెలీదు, నాకు తెలుసు.

నన్ను ఎంచుకున్న రోజు సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మా జట్టువాళ్ళ గదిలో అందరూ సరేనన్నారట, ఆర్మ్స్‌బీ అనే బట్టతలాయన తప్ప. మీ గదుల్లో ఆచారం ఇప్పటికీ అదే కదా, వద్దనేవాడు కుర్చీలో కూర్చుని వద్దంటే చెల్లదు, అందరూ చూస్తుండగా లేచి, బోర్డు మీద ఆ పేరున్న బిళ్ళని తన చేత్తో కిందికి దించాలి. ఆయన లేచి నా బిళ్ళ దించాడు. మిగతావాళ్ళు లెక్కచెయ్యకుండా పైకెక్కించి నన్ను తీసుకున్నారనుకో. కానీ ఆ కబురు నాకు చేరింది. ఇరవయ్యొక్కేళ్ళవాణ్ణి. అన్నం సయించలేదు.

రెండో ఏడు నవంబర్లో ముగ్గురు ఒక్కసారిగా నా మీద పడి ఎడమ మోకాలు పోయినప్పుడు, స్ట్రెచర్ మీద నాకొచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? ఆర్మ్స్‌బీ ఇప్పుడు నవ్వుకుంటూ ఉంటాడని. తర్వాత స్కూలు బస్సు నడిపినన్నాళ్ళూ ఆయన మీద పళ్ళు నూరుతూనే ఉన్నాను. ఇప్పుడు యూనియన్‌టౌన్‌లో వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడట. ఉండనీ.

ఆ కుర్రాడి పాలిట నువ్వు ఆర్మ్స్‌బీవి కాకు తల్లీ. నీకు దండం పెడతాను.

ప్రేమతో
మీ నాన్న ఎమిల్

*

లేక్‌పోర్ట్,
ఏప్రిల్ చివర

ప్రియమైన నాన్నకు,

టీవీలో చూసే ఉంటావు. చూడకపోయినా ఆగ్నెస్ అత్త చెప్పే ఉంటుంది. అయినా నా నోటితో నేనే చెప్పాలి.

బిళ్ళ దించింది నేనే.

నీ ఉత్తరం బ్యాగులోనే ఉంది. ఆ గదిలో బోర్డు మీద డెవాన్ పేరు మా వంతు దగ్గర పెట్టి, ఇంక కాఫీలు తాగుదామనుకుంటున్నారు. ఎవరికైనా అభ్యంతరమా అని మేనేజర్ ఊరికే మాటవరసకి అడిగాడు. నేను లేచాను. బోర్డు దాకా వెళ్ళాను. వాడి పేరు ఎన్నో నెలలుగా పైపైకి జరుపుతూ వచ్చిన చేత్తోనే కిందికి లాగాను. ఇంతకాలం మోసి ఇప్పుడు దించుతున్నావేమని మేనేజర్ మండిపడ్డాడు. వాడి మీద నాకున్నంత ప్రేమ ఈ గదిలో ఎవరికీ లేదు, అందుకే లేచానని చెప్పాను. కాపు కాసే మా ముందువరస సంగతి తెలిసీ, చూస్తూ చూస్తూ వాణ్ణి దాని వెనక నిలబెట్టలేనన్నాను. ముందు కాపు కాసేవాణ్ణి తెచ్చుకుందామన్నాను. చాలాసేపు కేకలేసుకున్నారు. చివరికి నా మాటే నెగ్గింది. అయోవా నుంచి కొండలాంటి మనిషిని తీసుకున్నాం.

డెవాన్‌ని ఆ తర్వాత వేరే జట్టు తీసుకుంది. అక్కడ ముందువరస గట్టిది, తలపండిన క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. ఏడాది పాటు వీడు పక్కన కూర్చుని నేర్చుకుంటాడు. నాకు హాయిగా ఉండాలి కదా? లేదు నాన్నా. కబురు బయటికి పొక్కింది. టీవీవాళ్ళు అడిగితే వాడన్న మాటలు ఇవి. "లేక్‌పోర్ట్‌లో నా పేరు దించిందెవరో నాకు తెలుసు. ఆవిడకి మా అమ్మ చేతి పప్పులు పెట్టాను. జన్మలో మర్చిపోను." వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పక్కన వాళ్ళమ్మ తల దించుకుంది.

ఆ పొట్లం ఇంకా నా బల్ల మీదే ఉంది. ముట్టుకోబుద్ధి కావడం లేదు.

నువ్వు వద్దన్న పనే చేశాను. ఏమైనా అను.

నీ
కోరీ

*

లేక్‌పోర్ట్,
మే నెల సగం

నాన్నా,

ఉత్తరం లేదు. ఫోన్ చేస్తే ఎత్తవు. నువ్వు బాగానే ఉన్నావని, పెరట్లో టమాటా నారు మీద అరుస్తున్నావని అత్త చెప్పింది. నారు మీద అరిచేది నా మీద అరవకూడదా? తిట్టదలుచుకుంటే తిట్టు, కానీ రాయి. వాడి కోపం ఎలాగోలా ఓర్చుకుంటాను, నీ కోపం మాత్రం నావల్ల కాదు.

నీ
కోరీ

*

మోనెసెన్,
మే ఆఖరు

నా తల్లీ, నా బంగారు కోరీ,

నీ ఏప్రిల్ ఉత్తరం చదివి, రొట్టెల డబ్బా వెనక్కి తోసేశాను. కోపమొచ్చిన మాట నిజం. నా పిల్ల ఆర్మ్స్‌బీ చేసిన పనే చేసిందా అని. రెండోది వచ్చాక సిగ్గేసి మొదటిది మళ్ళీ తీశాను. వాడి మీద ప్రేమతోనే లేచానని రాశావు చూడు, అక్కడే ఆగిపోయాను. నువ్వు ప్రేమతో లేచావు సరే, మరి ఆయన ఎందుకు లేచాడు? ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు.

ఒట్టి చేతులతో వెళ్ళలేక మాంసం కూరి క్యాబేజీ చుట్టలు వండుకుని యూనియన్‌టౌన్ వెళ్ళాను. ఆయన కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. అదే బట్టతల, మనిషి మాత్రం పిడికెడయ్యాడు. గుమ్మంలో నిలబడి పేరు చెప్పబోయాను. ఆయన నా ముఖం చూడటం లేదు, నేను నడిచొచ్చిన కాళ్ళు చూస్తున్నాడు.

"ఎడమదే కదా," అన్నాడు. "చలికాలం బాగా బాధపెడుతుందా?"

దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూ వెళ్ళాను. తీరా చేతిలో గిన్నె ఆయన ఒళ్ళో పెట్టేశాను. ఏడ్చాను కోరీ, ఆ నర్సుల ముందే.

తర్వాత చెప్పాడు. నన్ను మొదట కనిపెట్టింది ఆయనేనట. మా ఇంటి దగ్గర మంచులో నేను బంతి విసురుతుంటే కంచె అవతల నిలబడి చూశాడట. మా ముందువరస ఎంత బలహీనమో ఆ గదిలో అందరికీ తెలుసట, లేచింది ఆయనొక్కడే. నా మోకాలు పోయిన ఆ చలికాలమే ఉద్యోగం మానేశాడట. ఇంకో కుర్రాడి పేరు బోర్డు ఎక్కించడానికి చెయ్యి రాలేదట. నాకు ఉత్తరం రాద్దామనుకుని, ఏ ముఖం పెట్టుకుని రాయాలని మానేశాడట.

నన్ను తన కన్నబిడ్డలా చూసిన మనిషిని సగం జీవితం తిట్టుకున్నాను.

నీ డెవాన్ కూడా నిన్ను తిట్టుకుంటాడు. తిట్టుకోనీ తల్లీ. రెండు కాళ్ళ మీదా సరిగ్గా నిలబడి తిట్టుకుంటాడు.

ఆ పప్పులు తినెయ్, పాడైపోతాయి. క్యాబేజీ చుట్టల్లో మిరియాలు చాలలేదని ఆర్మ్స్‌బీ వంక పెట్టాడు. వచ్చే గురువారం మళ్ళీ వండి తీసుకెళ్ళాలి. నీకు సెలవు దొరికితే నువ్వూ రా. ఆయనకి నిన్ను చూడాలని ఉందట.

కొండంత ప్రేమతో
మీ నాన్న